ఆట అందరిదీ, పుస్తకం కొందరిదేనా?

ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు పాత్రలై పాచికలేసి ఆడే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో అమెరికాలో పుట్టింది. మూడు చిన్న పుస్తకాల పెట్టె అప్పుడు 10 డాలర్లు. 2024లో వచ్చిన ‘ప్లేయర్స్ హ్యాండ్‌బుక్’ ఒక్కటే 50 డాలర్లు. అంటే 4 వేల రూపాయల పైమాటే! అన్ని ధరలతోపాటే ఇదీ పెరిగిందంటారు కొందరు. అక్కడి జీతగాడికి ఆ మాట సరే. ఇక్కడ మెస్ బిల్లుకే తడుముకునే విద్యార్థి సంగతేమిటి?

అలాగని ఆట మానుకోనక్కర్లేదు. మూల నియమాలను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని 2023లో ప్రచురణకర్తలే విడిచిపెట్టారు. మిగతాదానికి బల్లకొక పుస్తకం చాలు.

మిత్రులారా! నేననేది ఒక్కటే: క్రికెట్ బ్యాట్లు కొనే యూనియన్ ఈ పుస్తకాలు కూడా ఒక్క సెట్టు కొని లైబ్రరీలో పెట్టాలి. కలిసి కథ చెప్పుకోవడానికి జేబు నిండుగా ఉండాలా?