వెనక వరసలో నిలబడేవాడి హక్

2025 జూలై 5న ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో బ్లాక్ సబ్బాత్ అనే బ్యాండ్ తన ఆఖరి కచేరీ చేసింది. హెవీ మెటల్ అనే సంగీతానికి పునాది వేసింది వీళ్లే. 1968లో ఏ ఊరి కార్ఖానా గల్లీల్లో మొదలయ్యారో అదే ఊళ్లో ఖుదా హాఫిజ్ చెప్పారు. జాగా విల్లా పార్క్ ఫుట్‌బాల్ స్టేడియం. జనం నలభై వేల పైన. పాడే ఆజీ ఆస్‌బర్న్‌కి పార్కిన్సన్స్ జబ్బు, నిలబడే తాకత్ లేదు. కుర్చీలో కూర్చునే పాడాడు. తర్వాత 17 రోజులకే పోయాడు.

ఆ కచేరీలో వచ్చిన లాభం పిల్లల దవాఖానాకి, పార్కిన్సన్స్ మీద పనిచేసే సంస్థకి, జబ్బు ముదిరిన పిల్లల్ని చూసుకునే ఇంకో సంస్థకి ఇస్తామన్నారు. ఇంత మంచి పని మీద కూడా తక్రార్ నడిచింది. ఎందుకంటే అన్నిటికన్నా చౌక టికెట్ దాదాపు 200 పౌండ్లు. మన హిసాబ్‌లో ఇరవై వేల రూపాయలు దాటిన మాట. మజ్దూర్ల ఊళ్లో పుట్టిన పాట వినడానికి ఆ ఊరి మజ్దూర్ ఇంత పెట్టగలడా అని కొందరు అడిగారు. ఖైరాత్ కోసమే కదా, జిందగీలో ఒక్కసారే కదా అని ఇంకొందరు జవాబిచ్చారు.

ఈ తక్రార్ మనదెట్లా అవుతుందని మీరు అడగొచ్చు. మనది కూడా అని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా ఆపా కొడుకు బెంగళూరులో నౌకరీ చేస్తాడు. ఇంటర్ నుంచీ వాడికి ఈ సంగీతమంటే పిచ్చి. నల్ల టీషర్టు మీద పుర్రె బొమ్మ చూసినప్పుడల్లా మా అమ్మీ 'యే క్యా షైతాన్ కా తమాషా హై రే' అంటుంది. వాడు నవ్వి ఊరుకుంటాడు. మొన్న బక్రీద్‌కి వచ్చినప్పుడు నా ముందు ఒక కాగితం పెట్టాడు. 'జరా యే హిసాబ్ దేఖో మామూ' అన్నాడు. ముంబైలో ఒక షోకి టికెట్, దాని మీద ఫీజు, దాని మీద ట్యాక్సు, పోనూ రానూ రైలు, ఒక రాత్రి లాడ్జి, తిండి. మొత్తం కలిపితే వాడి జీతంలో మూడో వంతు. అందులో టికెట్ వెల సగం కూడా లేదు. పైసలు కట్టే ఆఖరి నిమిషంలో ఫీజు కనపడిందట. వాడి దోస్తుల్లో ఇద్దరు అక్కడే ఆగిపోయారు. ఒకడు క్రెడిట్ కార్డు కిస్తుల మీద కొన్నాడు.

ఈ పిల్లలు గంటల తరబడి కొట్లాడుకునేది పాటల గురించి కాదు. ఏ బ్యాండ్ ఏ ఊరికి వస్తుంది, స్టేడియమా చిన్న హాలా, టికెట్ ఎంత, ఆ ఎంతలో ఇన్సాఫ్ ఎంత. నాకు ఇది ఫుజూల్ బహస్ అనిపించలేదు. మెహఫిల్లోకి ఎవరు రావాలో ఎవరు తేలుస్తారన్నదే ఇందులో అసల్ బాత్.

బ్యాండ్ల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. ఒక జమానాలో టూరు అంటే రికార్డు అమ్ముకోవడానికి చేసే ప్రచారం. క్యాసెట్లు, సీడీలు కమాయి ఇచ్చేవి. పాటలు ఇంటర్నెట్‌లో ముఫ్త్‌గా చేతులు మారడం మొదలయ్యాక ఆ కమాయి కూలిపోయింది. మెటాలికా 2000లో నాప్‌స్టర్ మీద కోర్టుకెక్కినప్పుడు ఫ్యాన్సే వాళ్లని లాలచీలని తిట్టారు. ఇప్పుడు నెలకి ఇంతని కడితే లోకంలోని పాటలన్నీ ఫోన్‌లో ఉంటాయి. కళాకారుడికి చేరేది చిల్లర. ఇప్పుడు టూరే కమాయి, పాటే ప్రచారం. పైగా టూరు ఖర్చు చిన్నది కాదు. లారీల కొద్దీ సామాను, వందల మంది పనివాళ్లు, బీమా, కిరాయి. ఐరన్ మెయిడెన్ 2008లో తన టూరుకి ఏకంగా ఒక బోయింగ్ 757 తీసుకుంది. దాన్ని నడిపింది ఆ బ్యాండ్ గాయకుడు బ్రూస్ డికిన్సనే. ఆ టూరులో మొదటి షో మన ముంబైలోనే జరిగింది. మనుషుల్నీ సామానునీ ఒకే విమానంలో వేసుకుంటేనే మన దేశం లాంటి దూరపు జాగాలకి రావడం గిట్టుబాటయింది.

కాబట్టి టికెట్ వెల పెరగడమే జుల్మ్ అని నేననను. ఆ పెరిగిన పైసలు ఎవరి జేబులోకి పోతున్నాయన్నదే నా సవాల్.

జాగా సంగతి చూద్దాం. ఇదే ఐరన్ మెయిడెన్ తొలి రోజుల్లో వాయించింది తూర్పు లండన్‌లో ఒక పబ్బులో. అక్కడ గిటార్ వాయించేవాడి చెమట ముందు నిలబడ్డవాడి మీద పడుతుంది. స్టేడియంలో వంద మీటర్ల దూరంలో నిలబడ్డవాడికి స్టేజీ మీది మనిషి చీమంత. ధ్వని సెకనుకి 340 మీటర్లే పోతుంది కాబట్టి స్టేజీ మీది డప్పు దెబ్బ వాడికి సెకనులో మూడో వంతు ఆలస్యంగా చేరుతుంది. అందుకే మైదానం మధ్యలో ఇంకో వరస స్పీకర్లు పెట్టి, వాటి ధ్వనిని కావాలని ఆలస్యం చేసి సర్దుతారు. అంత చేసినా వాడు చూసేది తెర మీది బొమ్మనే. మరి అన్ని వేలు ఎందుకు కట్టాలని చిన్న హాళ్ల పార్టీ అడుగుతుంది.

పెద్ద జాగాల పార్టీకి జవాబు ఉంది. చిన్న హాల్లో రెండు వేల మందే పడతారు. అడిగేవాళ్లు లక్ష మంది ఉంటే ఆ రెండు వేల టికెట్లు ఎవరికి పోతాయి? పైసలున్నవాడికీ, దలాల్‌కీ. జాగా పెద్దదైతేనే గరీబోడికి ఒక మూల దొరుకుతుంది. ఈ మాటలో దమ్ముంది. 2023లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైన టూరులో మెటాలికా స్టేజీని మైదానం మధ్యలో గుండ్రంగా వేసింది. నాలుగు వైపులా జనం, ఎక్కువ మందికి దగ్గరి చూపు. ఒక్కో ఊళ్లో రెండు రాత్రులు, రెండో రాత్రి మొదటి రాత్రి పాట ఒక్కటీ ఉండదు. వినడానికి బాగుంది. కానీ ఇష్టమైన పాటలు రెండు రాత్రుల మీద పంచుకుని ఉంటే ఫ్యాన్ రెండు టికెట్లు కొనాలి. మేహర్బానీ, వ్యాపారం ఒకే జేబులో ఉన్నాయి.

జర్మనీలో వాకెన్ అనే పల్లె ఉంది. జనాభా రెండు వేల దగ్గర. 1990లో అక్కడ కొన్ని వందల మందితో ఒక మెటల్ జాతర మొదలైంది. ఇప్పుడు ఏటా 80 వేల మందికి పైగా వస్తారు. పొలాల్లో డేరాలు వేసుకుంటారు, వానొస్తే బురదలో నడుస్తారు. అక్కడ వెనక నిలబడ్డవాడికి కూడా తను లెక్కలో ఉన్నాననే అనిపిస్తుంది. జాగా పెద్దదైనంత మాత్రాన మనిషి చిన్నవాడు కానక్కర్లేదు.

ఇక వెల. విమానం టికెట్లలాగా గిరాకీని బట్టి వెల పెంచే పద్ధతి కచేరీలకీ వచ్చింది. 2024లో ఒయాసిస్ టికెట్లు పెట్టినప్పుడు ఇంగ్లండ్‌లో గంటల తరబడి కంప్యూటర్ ముందు కూర్చున్న జనానికి 148 పౌండ్ల టికెట్ 355 అయి కనపడింది. అది మెటల్ బ్యాండ్ కాదు గానీ దెబ్బ అందరికీ ఒకటే. అమెరికాలో కచేరీలు పెట్టే లైవ్ నేషన్, టికెట్లు అమ్మే టికెట్‌మాస్టర్ 2010లో ఒకటైపోయాయి. హాలు వాళ్లదే, టూరు వాళ్లదే, టికెట్ వాళ్లదే అయితే బేరం ఎవరితో ఆడాలి? 2024 మేలో అమెరికా ప్రభుత్వమే ఈ గుత్తాధిపత్యం మీద దావా వేసింది. ఇది కొత్త మామ్లా కూడా కాదు. పర్ల్ జామ్ బ్యాండ్ 1994లోనే టికెట్‌మాస్టర్ ఫీజుల మీద అమెరికా కాంగ్రెస్ ముందు గవాహీ ఇచ్చింది. మరుసటి ఏడు ప్రభుత్వం ఆ ఫైలు మూసేసింది.

ఇక్కడ ఒక గట్టి ఎదురు మాట వస్తుంది. వెల తక్కువ పెడితే దలాల్ కొంటాడు, పదింతలకి అమ్ముతాడు, కాబట్టి ఆ పైసలు కళాకారుడే తీసుకుంటే మంచిది కదా అని. బ్లాక్ టికెట్ తెలియని తెలుగోడు ఉండడు కాబట్టి ఈ వాదన మనకి వెంటనే ఎక్కుతుంది. అయితే దారి ఇది ఒక్కటే కాదు. ఐరన్ మెయిడెన్ 2017లో ఇంగ్లండ్ టూరుకి కాగితం టికెట్లు తీసేసి, కొన్న కార్డు, గుర్తింపు చూపిస్తేనే లోపలికి పంపింది. దలాల్ల దగ్గర సరుకు బాగా తగ్గిపోయింది. ద క్యూర్ బ్యాండ్ రాబర్ట్ స్మిత్ 2023లో అమెరికా టూరుకి 20 డాలర్ల టికెట్లు కూడా పెట్టాడు. ఇంకొకరికి అమ్మాలంటే కొన్న వెలకే అమ్మాలన్నాడు. తీరా కొన్నిచోట్ల ఫీజులు టికెట్ వెలని దాటితే బహిరంగంగా నిలదీశాడు. చౌక టికెట్ కొన్నవాళ్లకి పది డాలర్లు, మిగతావాళ్లకి ఐదు డాలర్లు వాపస్ వచ్చాయి. అదే టూరులో న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో మాత్రం టికెట్ చేతులు మారకుండా ఆపడానికి ఖానూన్ ఒప్పుకోలేదు. అంటే కళాకారుడి నియ్యత్ ఒక్కటే చాలదు, ఖానూన్ కూడా జత కావాలి. బ్రిటన్ ప్రభుత్వం 2025 నవంబర్‌లో అసలు వెల కన్నా ఎక్కువకి టికెట్ అమ్మడాన్ని నిషేధిస్తామని ప్రకటించింది.

ఖానూన్ అంటే వెల నేలకి తొక్కెయ్యడమూ కాదు. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో సినిమా టికెట్ల మీద వచ్చిన జీవోలో పల్లెటూరి హాల్లో కింది తరగతి టికెట్ 5 రూపాయలు. కొన్ని హాళ్లు గిట్టక మూతపడ్డాయి. 2022లో ఆ రేట్లు సవరించక తప్పలేదు. ఇంకో చివర 2024 డిసెంబర్‌లో తెలంగాణలో పుష్ప 2 ముందు రోజు షోకి టికెట్ మీద 800 రూపాయలు పెంచుకోవడానికి ఇజాజత్ ఇచ్చారు. ఆ రాత్రే సంధ్య థియేటర్ తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. అంత వెల కట్టినవాళ్లకి కూడా హిఫాజత్ దొరకలేదు. మెటల్ ఫ్యాన్స్‌కీ ఈ పాఠం తెలుసు. 2011 అక్టోబర్‌లో గుర్గావ్‌లో మెటాలికా షో వాయిదా అనగానే జనం బారికేడ్లు విరిచి స్టేజీ ఎక్కారు. షో రద్దయింది. రెండు రోజుల తర్వాత అదే బ్యాండ్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మజాగా వాయించి వెళ్లింది.

ఉర్దూ మీడియం బడిలో చదువుకునే రోజుల్లో ముషాయిరాలకి పోయేవాణ్ణి. ముందు సోఫాల్లో పెద్దమనుషులు. వెనక జంపఖానాల మీద మేము, రిక్షావాళ్లు, దర్జీలు, హోటల్ కుర్రాళ్లు. వాహ్వా మొదలయ్యేది ఎప్పుడూ వెనక నుంచే. షాయర్ కళ్లు కూడా అటే ఉండేవి. వెనకవాళ్లు రాని రోజు ముందు సోఫాలు నిండినా మెహఫిల్ చల్లగా ఉండేది. మెటల్ కచేరీకి కూడా ఇదే నిజం. వేల గొంతులు కలిసి పాడితేనే అది కచేరీ. ముందు వరసని వీఐపీ ప్యాకేజీలుగా అమ్మి, చేతులు కట్టుకుని ఫోన్లో వీడియో తీసేవాళ్లతో నింపితే స్టేజీ మీదివాడికీ నష్టమే.

చిన్న హాళ్లు బతకడం కూడా ఈ మామ్లాలో భాగమే. రేపటి పెద్ద బ్యాండ్ ఇవాళ యాభై మంది ముందే వాయిస్తుంది. ఇండోనేషియాలో గరుత్ అనే ఊరి దగ్గర ఇస్లామీ బడిలో చదివే ముగ్గురు ఆడపిల్లలు 2014లో వాయిస్ ఆఫ్ బాచెప్రొత్ అనే మెటల్ బ్యాండ్ పెట్టారు. గిటార్ చేతికిచ్చింది బడిలోని ఉస్తాదే. హిజాబ్ వేసుకునే వాయిస్తారు. ఊళ్లో తిట్లు, ధమ్కీలు తిన్నారు. 2022లో వాకెన్‌లో వాయించారు. 2024లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో ఇండోనేషియా నుంచి వాయించిన మొదటి బ్యాండ్ అయ్యారు. బడి గదీ చిన్న స్టేజీలూ లేకపోతే ఆ పెద్ద స్టేజీలు వాళ్లకెట్లా దొరికేవి? అందుకే ఇంగ్లండ్‌లో పెద్ద కచేరీ టికెట్ నుంచి ఒక పౌండు చిన్న హాళ్లకి ఇవ్వాలని అడుగుతున్నారు. ఎంటర్ షికారి బ్యాండ్ 2024 టూరులో ఇచ్చి చూపించింది. కోల్డ్‌ప్లే 2025లో బ్రిటన్ షోల కమాయిలో పది శాతం ఇస్తానంది.

కాబట్టి నా రాయ్ ఇది. టికెట్ వెల మొదటి నిమిషంలో ఎంతో ఆఖరి నిమిషంలోనూ అంతే ఉండాలి. ఫీజు ముందే కనపడాలి. కొన్నవాడి పేరు టికెట్ మీద ఉండాలి, పోలేకపోతే అదే వెలకి ఇంకొకరికి ఇచ్చే వీలుండాలి. ప్రతి షోలో కొంత జాగా, అదీ స్టేజీకి దగ్గరగా, తక్కువ వెలకి చీటీల మీద పంచాలి. మిగతాది ఎంతకి అమ్ముకున్నా నాకు తక్రార్ లేదు.

మన ఇళ్లల్లో అమ్మీ అబ్బాలకి ఒక మాట. మీ పిల్లలు ఈ సంగీతం వింటుంటే మీకు నచ్చకపోవచ్చు. సంగీతం మీద మనలో ఎవరి రాయ్ వాళ్లకుంది. కానీ పుర్రె బొమ్మ దగ్గరే మాట ఆపేస్తే వాడు కిస్తుల మీద కొన్న టికెట్ గురించి మీకెప్పటికీ చెప్పడు. ఎంతయింది బేటా, ఎవరికి పోయాయి పైసలు, లోపల బయటికి పోయే దారులు ఎన్ని అని అడగండి. వాడికి ఆ హిసాబ్ అంతా తెలుసు. అడిగేవాళ్లు లేకనే చెప్పడం లేదు.