తీగల కింద కొబ్బరి వద్దు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలనూ పడగొట్టింది. మళ్లీ కొబ్బరి నాటే రైతులకు మా మాట ఒకటే: గొయ్యి తీసే ముందు పైకి చూడండి. మామిడి, జీడి కొమ్మ నరికితే చిగురిస్తాయి. కొబ్బరికి మొవ్వు ఒక్కటే, అది తెగితే చెట్టే పోతుంది. పొడవు రకం 60 అడుగులు దాటుతుంది. కాస్త పక్కన నాటినా తుపాను గాలికి తీగ మీదే పడొచ్చు. భోగాపురం వైపు సరుగుడుకూ ఇదే లెక్క. లైను కింద కంద, పసుపు, కరివేపాకు చాలు.

అలాగని భారమంతా రైతు మీదే వేస్తే ఒప్పుకోం. కొత్త లైన్లు తోట మధ్య నుంచి కాక రోడ్డు వెంట వేయాలి. కాపు చెట్టు కొట్టాల్సివస్తే ముందే చెప్పి, పరిహారం చెల్లించాలి.

మట్ట తీగకు తగిలితే గెడ ఎత్తకండి, పచ్చి మట్టలోనూ కరెంటు పారుతుంది. 1912కు ఫోన్ చేసి, లైను ఆపాక లైన్‌మన్‌తోనే కొట్టించండి.