వాన వెలిసినా కారులో నీళ్లే

కారులోకి వాననీళ్లు రావడం మామూలేనని ఈ వారం నాతో చాలామంది అన్నారు. మామూలు కాదు. లక్షలు పోసి కొన్న బండికి పైకప్పు వేసిందే లోపలివాళ్లు తడవకుండా ఉండటానికి. పూర్వం గూడుబండి కట్టిన వడ్రంగి చుక్క కారకుండా కట్టేవాడు, కారిందని కబురు పెడితే వచ్చి సర్ది వెళ్లేవాడు. ఆ పాటి పూచీ ఇవాళ్టి కార్ల వ్యాపారం ఇవ్వలేకపోవడం నాకు మింగుడుపడటం లేదు.

నాకింత కోపం రావడానికి కారణం మా వీధిలో ఉండే ఒక రిటైర్డ్ మాస్టారు. ఉద్యోగం చేసినంత కాలం స్కూటర్ మీదే బడికి వెళ్లొచ్చిన మనిషి. భార్యకు మోకాళ్ల నొప్పులు ముదిరి ఆటో ఎక్కలేని స్థితి వస్తే, రిటైరైనప్పుడు అందిన డబ్బులోంచి కారు కొన్నారు. కొనేటప్పుడు పిల్లలు పట్టుబట్టి సన్‌రూఫ్ ఉన్నదే తీయించారు. మొన్నటి వానలకు ఆవిడ కాళ్లు పెట్టుకునే చోట నీళ్లు నిలిచాయి. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళితే, "సన్‌రూఫ్ సరిగ్గా మూసి ఉండరు సార్" అన్నారట. మళ్లీ తీసుకెళితే, "అద్దం కొంచెం దించి వదిలేశారేమో" అన్నారు. ఇంకోసారి వెళ్తే, "బయట ప్రెషర్ వాష్ చేయించారా?" అని అడిగారు. కార్పెట్ పైపైన ఆరబెట్టి, సెంటు కొట్టి, ఇంటీరియర్ క్లీనింగ్ అని బిల్లు చేతిలో పెట్టారు. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో ఒక్కరూ చూడలేదు. మాస్టారు బిల్లు గురించి ఒక్క మాటా అనలేదు. "ఇంతకాలం పిల్లలకు పాఠం చెప్పిన నాకు అద్దం మూయడం రాదంటారా?" అన్నారు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

కారులోకి నీళ్లు వచ్చే దారులు అంతుచిక్కనివేమీ కావు. షెడ్డులో పదేళ్లు చేతులు మసి చేసుకున్న ఏ మేస్త్రీని అడిగినా గడగడా చెప్తాడు. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర, నల్ల ప్లాస్టిక్ జాలీ ఉంటుంది. దాని అడుగున ఒక తొట్టి. అద్దం మీద పడ్డ వాన ఆ తొట్టిలోకి దిగి, పక్కనున్న రంధ్రాల్లోంచి కిందికి పోవాలి. మన కార్లు నిలబడేది ఎక్కడ? వేపచెట్టు కింద, కానుగ కింద, నిద్రగన్నేరు కింద. ఆ సన్నాకులు జాలీ సందుల్లోంచి జారి, తొట్టిలో కుళ్లి మట్టిముద్దవుతాయి. రంధ్రం పూడుకుంటుంది. తొట్టి నిండాక నీరు బ్లోయర్‌కు గాలి వెళ్లే దారి పట్టి ఎడమ సీటు కాళ్ల దగ్గరికి దిగుతుంది. సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ ఆ జాలీ ఎత్తి ఆకులు తీస్తే చాలు, పావుగంట పని. ఎవరి జాబ్ కార్డులోనైనా ఆ పని రాసి ఉండగా చూశారా?

వాన లేకుండానే కాళ్ల దగ్గర తడి కనిపిస్తే అది ఏసీ నీరు. గాలిలోని తేమ చల్లబడి నీరుగా మారి, ఒక సన్నటి గొట్టంలోంచి కారు కిందికి కారాలి. గొట్టంలో దుమ్ము అడ్డుపడితే అది లోపలే కారుతుంది. మే నెలలో విశాఖ, కాకినాడల ఉక్కపోతలో ఆ నీరు తక్కువేమీ ఉండదు. తడి చేతికి జిగురుగా తగిలి, తియ్యటి వాసన వేసి, ముందు అద్దానికి లోపలివైపు జిడ్డు ఆవిరి పడుతుంటే మాత్రం అది కూలెంట్. హీటర్ దగ్గర కారుతోందన్నమాట. బండి వెంటనే చూపించాలి.

ఇక తలుపులు. తలుపు లోపలికి వాన దిగడం తప్పు కాదు, అద్దం పక్కనుంచి ఎప్పుడూ దిగుతూనే ఉంటుంది. కిందనున్న కన్నాల్లోంచి బయటికి పోతుంది. ఆ నీరు మనవైపు రాకుండా డోర్ ప్యాడ్ వెనక ఒక ప్లాస్టిక్ షీటును నల్లజిగురుతో అంటిస్తారు. కొత్త స్పీకర్లు పెట్టడానికో అద్దం మోటారు మార్చడానికో ఆ షీటు పీకి, తిరిగి సరిగ్గా అంటించని చోట నీరు లోపలికి వస్తుంది. డిక్కీలో అయితే వెనక లైటు చుట్టూ ఉన్న రబ్బరు, రూఫ్ మీది యాంటెన్నా కింది వాషరు అనుమానించాలి. స్టెప్నీ తీసి చూస్తే గుంటలో నీళ్లు, తుప్పు పట్టిన జాకీ కనిపిస్తాయి.

వీటన్నిటికంటే నన్ను భయపెట్టేది కార్పెట్. పైన చెయ్యి పెడితే పొడిగానే ఉంటుంది. దాని కింద వేళ్ల మందాన ఫోము, దూది ఉంటాయి. లీటర్ల కొద్దీ నీళ్లు తాగి వారాల తరబడి ఆరవు. ఆ తడి పక్కనుంచే వైర్లు వెళ్తాయి. సీటు కింద ఎయిర్‌బ్యాగుకూ సీటు బెల్టుకూ వెళ్లే కనెక్టర్లు ఉంటాయి. వాటికి పచ్చటి కిలుం పడితే డ్యాష్‌బోర్డు మీద ఎర్రలైటు వెలుగుతుంది, కొన్నిసార్లు ఎందుకు వెలిగిందో తేలదు కూడా. ముక్కిన వాసన, బూజు, పిల్లలకు తుమ్ములు వేరే. సీట్లు విప్పి, కార్పెట్ మొత్తం ఎత్తి, ఎండలో వేస్తే తప్ప దీనికి మందు లేదు. సెంటు కొట్టి పంపించడం రోగాన్ని దాచిపెట్టడమే.

కనిపెట్టడం కష్టం కాదా అంటే, కష్టమే, కానీ పద్ధతి ఉంది. ఒకరు టార్చి పట్టుకుని లోపల కూర్చోవాలి, ఇంకొకరు పైపుతో కిందినుంచి పైకి, ఒక్కొక్క చోటా ఆగి నీళ్లు పోయాలి. అనుమానం ఉన్న అతుకుల మీద ముఖానికి రాసుకునే పౌడరు చల్లితే నీరు నడిచిన గీత దానంతటదే కనిపిస్తుంది. ఓపికున్న ఇద్దరు మనుషులు, ఒక పూట చాలు. ఫ్యాక్టరీలో బండి బయటికి వచ్చే ముందు దాన్ని జల్లు గదిలోకి పంపి నాలుగువైపులా నీళ్లు చిమ్మి పరీక్షిస్తారు. కట్టేచోట ఉన్న ఆ శ్రద్ధ అమ్మినచోటికి ఎందుకు రాదు? నాకు తెలిసిన జవాబు ఒకటే. సర్వీస్ అడ్వైజర్ జీతం నడిచేది ఎన్ని బండ్లు దించాడన్న లెక్క మీద, ఏ బండి బాగుపడిందన్న దాని మీద కాదు.

ఇప్పుడు సన్‌రూఫ్ సంగతి. దీని మీద నా అభిప్రాయం పాతది, ఏటేటా గట్టిపడుతోంది. మన ఎండకు, మన దుమ్ముకు, మన వానకు కారు నెత్తిమీద కన్నం పెట్టడం తెలివైన పని కాదు. రెంటచింతలలో, రామగుండంలో వేసవి 45 డిగ్రీలు దాటుతుంది. అక్కడ నెత్తిమీద అద్దం ఉన్న కారు కొన్నవాళ్లు దాని కింద తెర లాగి, ఏసీ పూర్తిగా తిప్పి కూర్చుంటారు. ఏడాదిలో దాన్ని తెరిచేది ఎప్పుడు? పిల్లల్ని సీటు మీద నిలబెట్టి తల బయటికి పెట్టించడానికి. గట్టిగా బ్రేకు పడితే ఆ పసిపిల్లల గతేమిటన్న ఆలోచన లేకుండా!

అమ్మేటప్పుడు చెప్పని సంగతి ఇంకొకటుంది. సన్‌రూఫ్ చుట్టూ ఉన్న రబ్బరు నీటిని పూర్తిగా ఆపడానికి పెట్టింది కాదు. కొంత నీరు దిగుతుందని తెలిసే కింద గాడి పెడతారు. గాడి మూలల నుంచి సన్నటి గొట్టాలు ముందు అద్దం పక్క స్తంభాల్లోంచి, వెనక స్తంభాల్లోంచి కిందికి దిగుతాయి. ఆ గొట్టాల్లో దుమ్ము గడ్డకట్టినా, చీమలు పుట్ట పెట్టినా గాడి పొంగి, రూఫ్ లైనింగు తడిసి, నీరు స్తంభం వెంట దిగి కాళ్ల దగ్గర నిలుస్తుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీరు. పెద్ద పనోరమిక్ అద్దం దాదాపు అంత వైశాల్యం ఉంటుంది. పది సెంటీమీటర్లు కురిసిన రాత్రి దాని నెత్తిన పడేది వంద లీటర్లు. అందులో పదో వంతు గాడిలోకి దిగినా, ఆ భారమంతా మోయాల్సింది చిటికెనవేలంత లేని గొట్టాలు. ఆ గొట్టాలు ఎక్కడున్నాయో, ఎన్నాళ్లకు శుభ్రం చేయాలో షోరూంలో ఎవరైనా చూపించారా? మా మాస్టారికి చూపించలేదు. చూపించి ఉంటే అద్దం మూయలేదన్న నింద ఆయన పడేవారు కాదు.

2023లో స్కార్పియో-ఎన్ బండిని జలపాతం కిందికి తీసుకెళ్లిన వీడియో మీకు గుర్తుండే ఉంటుంది. రూఫ్‌లోని స్పీకర్లలోంచి లోపలికి నీళ్లు ధారకట్టాయి. తర్వాత కంపెనీ జలపాతం కింద ఇంకో బండి పెట్టి, చుక్క రాలేదని తనూ ఒక వీడియో విడుదల చేసింది. ఆ రెండిట్లో ఏది సరైనదన్న తగువులోకి నేను వెళ్లను. నన్ను బాధపెట్టింది మధ్యలో జనం అన్న మాటలు. బండి చూడకుండా, గొట్టాలు చూడకుండా, వేలమంది ఓనర్‌నే తప్పుపట్టారు. కొన్నవాడిదే తప్పని మనమే ముందు తీర్పు చెప్పేస్తుంటే కంపెనీలకు వకీళ్లెందుకు?

కాగితాల్లోనూ అంతే. చాలా వారంటీ పుస్తకాల్లో రబ్బరు భాగాలు అరిగిపోయే సరుకు కింద రాసి ఉంటాయి, వాటికి పూచీ లేదు. ఇన్సూరెన్సు వరదకు వర్తిస్తుంది, రోజూ కారే నీటికి వర్తించదు. వరదలో మునిగిన బండిని స్టార్ట్ చేస్తే ఇంజనులోకి నీరు లాగి చెడిపోయిన భాగానికీ మామూలు పాలసీలో డబ్బు రాదు, దానికి వేరే యాడ్-ఆన్ కట్టి ఉండాలి. అందుకే మునిగిన బండి తాళం తిప్పకండి, లాగించుకుని వెళ్లండి.

చట్టం ఉంది. 2019 వినియోగదారుల చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. పది నుంచి ఇరవై లక్షల సరుకైతే ఫీజు 400 రూపాయలే. రెండేళ్లలోపు వేయాలి. 1915 నంబరుకు ఫోన్ చేసి ముందు అడగవచ్చు. కానీ తయారీలోపమని రుజువు చేయాల్సిన బరువు చివరికి కొన్నవాడి మీదే పడుతుంది. నిపుణుడి రిపోర్టు కావాలంటారు, ఆ నిపుణుడు మాస్టారికి ఎక్కడ దొరుకుతాడు? పరీక్ష అవసరమైన కేసు ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో రాశారు. ఆ గడువు కాగితం దాటి రావడం లేదని తిరిగినవాళ్లందరికీ తెలుసు. అమెరికాలో 1982లోనే కనెక్టికట్ రాష్ట్రం లెమన్ లా తెచ్చింది. అదే లోపానికి నాలుగుసార్లు రిపేరు చేసినా తీరకపోతే, లేదా కొత్త బండి 30 రోజులు షెడ్డులోనే ఉంటే, బండి మార్చాలి లేదా డబ్బు తిరిగివ్వాలి. ఇవాళ 50 రాష్ట్రాల్లోనూ అలాంటి చట్టాలున్నాయి. డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మన పిల్లలకు ఆ రక్ష ఉంది. వాళ్ల తల్లిదండ్రులకు ఇక్కడ లేదు. మన మోటారు వాహనాల చట్టంలోకి కూడా 2019 సవరణతో రీకాల్ సెక్షన్ వచ్చింది. బండిలో ఉన్నవాళ్లకు హాని చేసే లోపమైతే ప్రభుత్వం వెనక్కి పిలిపించవచ్చు. ఎయిర్‌బ్యాగు వైర్లను తడిపే నీరు హాని కాదా? నా దృష్టిలో అది భద్రతా లోపమే. అలా రాసి తీరాలి.

ఇంతా చేసి మనం కట్టేది తక్కువా? తెలంగాణలో పన్నెండు లక్షల బండికి 17 శాతం లైఫ్ టాక్స్, అంటే 2,04,000 రూపాయలు. జీఎస్టీ వేరే. అంత కట్టి రోడ్డెక్కితే, ఒక గంట వానకు ఆ రోడ్డే వాగు. ఎంత బిగువుగా కట్టిన తలుపు రబ్బరైనా మోకాలి లోతు నీటిలో గంటసేపు నిలబడటానికి చేసింది కాదు. కారు చేసినవాడు కనీసం నీరు వస్తుందని తెలుసుకుని గొట్టం పెట్టాడు. నగరం కట్టినవాళ్లు ఉన్న గొట్టాల మీదే ఇళ్లు లేపారు.

1908 సెప్టెంబరు మూసీ వరద తర్వాత హైదరాబాద్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించుకుంది, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టుకుంది. 2000 ఆగస్టు 24న ఒక్కరోజులో 24 సెంటీమీటర్లు కురిసి నగరం మునిగింది. ఏడాది మొత్తానికి ఇక్కడ కురిసేదే సుమారు 80 సెంటీమీటర్లు. తర్వాత కిర్లోస్కర్ కన్సల్టెంట్స్ 2003లో నివేదిక ఇచ్చింది, నాలాలు వెడల్పు చేయమంది. 2020 అక్టోబరులో మళ్లీ దాదాపు 19 సెంటీమీటర్లు పడ్డ రాత్రి, కాలనీల్లో కార్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కొట్టుకుపోయాయి. నివేదికకు, ఆ రాత్రికి మధ్య పదిహేడేళ్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో వీధులకు వీధులు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అక్కడ వాయిదాల మీద కొన్న ఆటోలు, బైకులు, కార్లు మునిగాయి.

ఏటా వేసవిలో నాలాల పూడిక తీశామని ప్రకటన వస్తుంది. ఎన్ని టన్నులో కూడా చెప్తారు. నేను అడిగేది వేరు. ఏ నాలాలో, ఏ తేదీన, ఏ లారీలో, ఎక్కడికి తరలించారో వార్డు ఆఫీసు గోడకు అంటించండి. మా వైపు నాలాలోంచి తీసిన మట్టి ఇప్పటికీ దాని గట్టు మీదే కుప్పగా ఉంది. వచ్చే పెద్ద వానకు అదే మట్టి మళ్లీ ఆ నాలాలోకే దిగుతుంది.