ఒక్కని మందుతో గజ్జి పోదు

వ్యవసాయ సంఘపు పత్రికలో గజ్జినిగూర్చియు పేలనుగూర్చియు వ్రాయుట యేమని కొందఱు సభ్యులు నవ్వవచ్చును. ఎరువుల ధరలు, అప్పుల వాయిదాలు చర్చింపవలసిన చోట ఈ గోకుడు ముచ్చట యెందుకని యడుగవచ్చును. రాత్రియంతయు గోకుకొని తెల్లవారకమునుపే చేనికి పోవువాడు సగము పనియే చేయగలడు. నిద్రలేని పిల్ల బడిలో కునికిపాట్లు పడును. పూతమందులకు పోయిన డబ్బు లెక్కలోనికి రాదు గాని పోవుట మాత్రము నిజము. కావున ఇది సంఘము మాట్లాడవలసిన విషయమేయని మా యభిప్రాయము.

ఉప్పలు, నాచారము పూర్వపు గ్రామములు కావు. నాచారమున పారిశ్రామికవాడ వెలసినది. 2007 లో ఉప్పలు మునిసిపాలిటీ హైదరాబాదు మహానగరములో కలిసినది. దుక్కిభూములనేకము ఇండ్లస్థలములైనవి. పాతయిండ్ల ప్రక్కనే అద్దెగదుల వరుసలు లేచినవి. ఒకే గదిలో పలువురు ఒకరినొకరు ఒరసికొని పరుండుదురు. గజ్జిపురుగునకు కావలసినది ఇదియే. అది మురికివలన పుట్టునది కాదు. ఒకరి చర్మము మఱియొకరి చర్మమును చాలసేపు తాకియుండుటవలన వ్యాపించును. దినమునకు రెండుమార్లు స్నానము చేయువానికిని అంటును. కూలివాండ్రు తెచ్చిరని రైతులును, రైతుల యిండ్లనుండి వచ్చెనని కూలివాండ్రును నిందించుకొనుట వ్యర్థము.

మన ప్రాంతమున మఱియొక భ్రమ గలదు. ఉప్పలునకు దక్షిణమున మూసీ పాఱుచున్నది. పీర్జాదిగూడ వైపున ఆ మురుగునీటితో పాడిపశువులకు గడ్డి పెంచుట మనమెఱిగినదే. ఆ నీట దిగినవారి కాళ్లు దురదపెట్టుట నిజము. అందుచే ఏ దురద వచ్చినను మూసీ నీరే కారణమని సరిపెట్టుకొనుట వాడుకయైనది. నీటివలని దురద నీరు తగిలినచోటనే పుట్టును. నీట దిగని అవ్వకును, ఊయలలోని బిడ్డకును రాదు. గజ్జి యట్లు కాదు. రాత్రివేళ హెచ్చును. వ్రేళ్ల సందులలో, మణికట్ల యొద్ద, చంకలలో, నడుముచుట్టును పొక్కులు లేచును. చంటిబిడ్డలకు అరచేతులలోను అరికాళ్లలోను కూడ లేచును. ఇంటిలో ఒకరి తరువాత నొకరికి వచ్చును. ఇట్లున్నచో మూసీని తిట్టుట మాని వైద్యుని చూడవలెను.

గజ్జిపురుగు అర మిల్లీమీటరునకు మించదు. ఆడది చర్మపు పైపొరలో సొరంగము త్రవ్వి గ్రుడ్లు పెట్టును. మొదటిసారి అంటినవానికి నాలుగు మొదలు ఆఱు వారములవఱకు దురదయే తెలియదు. చిక్కంతయు ఇందే యున్నది. దురదలేని తండ్రియు అన్నయు పురుగును మోయుచునేయుందురు. గోకుకొను పిల్లకు మాత్రము మందు పూసినచో, ఆ పిల్లకు నయమైన వారమునకే తండ్రి ప్రక్కలో పరుండి మరల తెచ్చుకొనును. తన పొలములో ఎలుకలను పట్టి ప్రక్కగట్టు బొరియలను విడిచినవాని గతియేమో రైతునకు చెప్పనక్కఱలేదు.

వైద్యులు సాధారణముగా వ్రాయు మందు నూటికి 5 పాళ్ల పెర్మెత్రిన్ పూత. రాత్రి మెడనుండి అరికాళ్లవఱకు, గోళ్ల క్రిందను విడువక పూసి, 8 మొదలు 14 గంటలుంచి కడుగవలెను. వారము తరువాత మరల పూయవలెను. ఇంటిలోని యెల్లరును, దురద యున్నవారును లేనివారును, ఒకే రాత్రి పూసికొనవలెను. చంటిబిడ్డలకును గర్భిణులకును వైద్యుని యడిగియే వాడవలెను. దుప్పట్లు, బట్టలు వేడినీట ఉతికి యెండవేయవలెను. మందు పనిచేసినను దురద కొన్నివారములు నిలుచును. అందుకు బెదరి మాటిమాటికి పూయరాదు. అంగడిలో అడిగినంతనే యిచ్చు స్టెరాయిడు పూతలు దురదను అణచి రోగమును దాచును. పురుగు లోపల వృద్ధియగుచునే యుండును. గోకిన పుండ్లు చీము పట్టినచో ఒక్కొక్కప్పుడు పిల్లల మూత్రపిండములకే ముప్పు.

అందఱు కలిసి మందు వేసికొన్నచో ఏమగునో ఫిజీ దీవులు చూపినవి. మన తెలుగు కూలీలు పూర్వము చెరకుతోటలకు ఓడలెక్కిపోయిన ఫిజీయే అది. 2015 లో ప్రకటింపబడిన పరిశోధనలో, ఊరివారందఱికి ఐవర్‌మెక్టిన్ మాత్రలిచ్చినచోట నూటికి 32 మందికుండిన గజ్జి ఏడాదిలో ఇద్దఱికి దిగినది. రోగులకును వారిని తాకియుండువారికిని మాత్రము మందిచ్చినచోట సగము మాత్రమే తగ్గినది. ఈ మందు 1981 లో మొదట పశువులకే వచ్చినది. జపానుదేశపు మట్టిలోని సూక్ష్మజీవినుండి దాని మూలమును కనుగొన్నవారికి 2015 లోనే నోబెలు బహుమానము లభించినది. అంతమాత్రమున పాడిశాల అలమరలోని పశువుల సూదిమందు మనుష్యులకు పనికిరాదు. మనుష్యుల మాత్ర వేఱు, తూనికనుబట్టి యిచ్చు మోతాదు వేఱు.

ఇక పేలు. వీనివిషయమున రోగముకంటె మందులే మమ్ము భయపెట్టుచున్నవి. సీతాఫలపు గింజలు నూఱి తలకు రుద్దుట మనవారి అలవాటు. ఆ పొడి కంటబడినచో నల్లగ్రుడ్డు పొర చెడి చూపునకే హాని. కిరోసినుతో తలలు కాలినవి, ప్రాణములును పోయినవి. చేనికి కొట్టు పురుగుమందు తలకు రాయుట మఱింత ఘోరము. అది చర్మముగుండ లోనికి దిగి మనిషిని చంపగలదు. తడి జుట్టునకు నూనెగాని సబ్బునురుగుగాని పట్టించి, సన్నపండ్ల దువ్వెనతో పాయపాయగా మూడునాలుగు దినముల కొకమాఱు రెండుమూడు వారములు దువ్వినచో, ఈపులనుండి పొదిగిన పిల్లపేలు గ్రుడ్లు పెట్టకమునుపే చిక్కును. ఓపికయే దీని ఖర్చు. తలపేలవలన టైఫసు మొదలగు జ్వరములు వ్యాపింపవు. అది బట్టలలోని ఒంటిపేల పని. పేలున్నవని పిల్లను బడినుండి పంపివేయుటయు, ఏడ్చుచుండగా తల గొరుగుటయు మాకు సమ్మతము కావు.

సంఘము చేయదగినది మేమిట్లు తలంచుచున్నాము. ఒక్కొక్క వాడకు ఒక రాత్రి నిర్ణయింపవలెను. అద్దెగదులవారిని విడువక యెల్లరికి వైద్యుని సలహాతో మందు టోకున తెప్పించి కొన్నధరకే యీయవలెను. వారము గడచినపిమ్మట రెండవ పూతను తలపించుటకు ప్రతి వరుసకు ఒక సభ్యుడు పూనుకొనవలెను. బీమాగల కార్మికులకు నాచారమున ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి యున్నది. హైదరాబాదున 2018 నుండి తెఱవబడిన బస్తీ దవాఖానాలలోను వైద్యుని కలియవచ్చును. చలికాలమున జనులు దగ్గఱదగ్గఱగా పరుందురు గనుక దసరా దాటకమునుపే మొదటి వాడ పేరు నిర్ణయింపవలెనని కోరుచున్నాము. తమ వాడ మొదటిదిగా నుండవలెనను సభ్యులు కార్యదర్శికి తెలుపవచ్చును.