బంజారాహిల్సున యంత్రస్వరాజ్యము

తెలుగు చలనచిత్రపరిశ్రమ మద్రాసు విడిచి భాగ్యనగరమునకు తరలివచ్చు కాలమున బంజారాహిల్సున అన్నపూర్ణా స్టూడియో, ఫిలింనగరున రామానాయుడు స్టూడియో వెలసినవి. గోడలు మనవైనవి; యంత్రములు మనవైనవి. ఆ యంత్రములచే పని చేయించు ఆపరేటింగు సిస్టముపై మన కధికార మెంత? కొండమీది వ్యాపారు లెల్లరు వేసికొనవలసిన ప్రశ్న యిది.

నేటి చిత్రము ఫిల్ముచుట్టలపై గాక సర్వరులయందు రూపొందుచున్నది. సెకనునకు 24 బొమ్మల వంతున రెండున్నర గంటల చిత్రమునకు 2,16,000 బొమ్మలు! గ్రాఫిక్సు దృశ్యమున నొక్క బొమ్మను గణించుటకే గంటలు పట్టుటయు కలదు. ఇట్టిచోట శాఖ కొక్క సిస్టమున్నచో లైసెన్సులు వేరు, మరమ్మతులు వేరు, కాపరులు వేరు. ఒక యింట నాలుగు పొయ్యిలు పెట్టినచో కట్టెలే ఖర్చు. కావున బొమ్మల గణన, దాపుడు, జమాఖర్చు, జీతములు మొదలగు సర్వరుపనులనెల్ల లినక్సను నొక్క వ్యవస్థపైకి మరల్చుట మేలని మా యభిప్రాయము. దాని మూలలిపి తెరచియుండును; ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, పంచవచ్చును.

ఇది సాహసము కాదు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సు, 1997 నాటి 'టైటానిక్' చిత్రమునకే కొన్ని దృశ్యములను గణించినది. భారతప్రభుత్వము 2015లో తన కార్యాలయములు ఓపెన్ సోర్సునకే మొగ్గవలెనని విధానము ప్రకటించినది. చిత్రకారుని బల్లపై నుండు ఫోటోషాప్ వంటివి లినక్సుపై నడువవని కొంద రందురు. నిజమే. ఆ బల్లలను కదలింపవలదు. సర్వరులనే ముందు మార్చుడు. అదియు విడుదల తేది ముంగిట గాక, రెండు చిత్రముల నడుమ, పాతదియు క్రొత్తదియు కొన్నాళ్లు ప్రక్కప్రక్కన నడపి మార్చుడు.

ఐనను హెచ్చరిక యొకటి. మూలలిపి తెరచియున్నంతమాత్రమున పరాధీనత తొలగదు. ప్రపంచమున పెక్కు గ్రాఫిక్సుశాలలు సెంటాస్ అను ఉచిత లినక్సును నమ్ముకొనియుండెను. దాని 8వ సంచిక 2029 వరకు సాగునని యెంచియుండగా, 2021 తుదితోనే ముగింతుమని రెడ్ హ్యాట్ కంపెనీ 2020 డిసెంబరున ప్రకటించినది. నమ్మినవారు దిగ్భ్రాంతులైరి. కాని మూలలిపి యెల్లరిచేత నుండుటచే, 2021లోనే ఆల్మా, రాకీ యను లినక్సులు దాని స్థానమున వెలసినవి. మూసిన వ్యవస్థయే యైనచో యజమాని తలుపు వేసిననాడు వేరొక దారి యుండెడిదా?

కావున ఒక్క కంపెనీ దయపై నిలుచుదానిని గాక, పలువురు కలిసి పోషించుదానిని ఎన్నుకొనవలెను. లైసెన్సులకై మిగిలిన సొమ్మును పెట్టెలో వేసికొనక, దానిని కాచు మనుష్యులపై వెచ్చింపవలెను. కొండక్రింది అమీరుపేట శిక్షణాలయములలో లినక్సు నేర్చిన యువకులు దేశాంతరముల సర్వరులను కాచుచుండగా, మన స్టూడియోలు మరమ్మతునకు పరులవంక చూచుట తగునా?

ఉచితముగ దొరకినదని చేపట్టుట స్వరాజ్యము కాదు. చెడినప్పుడు మనచేతులతో బాగుచేసికొన నేర్చుటయే స్వరాజ్యము.