పేరు మరచిన పనిముట్లు

పనిముట్టు విరిగినంత మాత్రాన నశించదు. దాని పేరును, పనిని ఎరిగిన చివరి మనిషి కన్నుమూసిన నాడు అది నిజంగా నశిస్తుంది. ఆ తరువాత మిగిలేది కట్టె, ఇనుము, రాయి మాత్రమే. తెలుగునాట నేడు ఎన్నో ఇళ్ల అటకల మీద, పశువుల కొట్టాల మూలల్లో ఇటువంటి వస్తువులు దుమ్ముపట్టి ఉన్నాయి. ఇంటి పెద్దలకు వాటి పేర్లు తెలుసు, పిల్లలకు తెలియవు. పిల్లలు అడగరు, అడగని మాట పెద్దలు చెప్పరు. ఈ మౌనం మరొక తరం కొనసాగితే తాతల చేతి పనిముట్లు మనుమలకు అర్థంకాని వింత వస్తువులుగా మిగిలిపోతాయి. వాటిని పోల్చుకొనే పని పురావస్తు శాస్త్రజ్ఞులది మాత్రమే అనుకొని ఊరుకోవడం పొరపాటు. వాడిన చేతులు సజీవంగా ఉండగానే అడిగి, విని, వ్రాసి ఉంచవలసిన బాధ్యత చదువుకొన్న ప్రతివారిదీ.

ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వెళ్లే దారి ఈ విషయాన్ని ఆలోచించడానికి తగిన చోటు. మైదానపు పొలాలు వెనుకబడి క్రమంగా టేకు, ఇప్ప, తునికి చెట్ల అడవి ఎదురవుతుంది. రైతులు, కోయలు, కొండరెడ్లు, లంబాడీలు, బొగ్గుగని కార్మికులు ఈ నేల మీద ఇరుగుపొరుగున జీవిస్తున్నారు. నాగలితో చేసే సేద్యం, కొండవాలున సాగే పోడు, వేట, గని పని ఇక్కడ ఒకదాని ప్రక్కన ఒకటి నిలిచాయి. అందువల్ల ఒక ఊరిలో అందరూ ఎరిగిన వస్తువు పది మైళ్ల దూరంలోని మరొక ఊరివారికి వింతగా తోచవచ్చు.

అటక మీద దొరికే ఒక కొయ్య గిన్నెను ఉదాహరణగా తీసుకొనవచ్చు. గుండ్రంగా చెక్కిన ఆ గిన్నెకు అడుగున మూడో నాలుగో రంధ్రాలు ఉంటాయి. అందులో నీరు నిలవదు, గింజ ఆగదు. పట్టణంలో పెరిగినవారు దానిని కొవ్వొత్తులు నిలిపే దిమ్మె అనుకొన్నా ఆశ్చర్యం లేదు. వృద్ధుడైన రైతు మాత్రం చూడగానే జడ్డిగం అంటాడు. విత్తనాలు వేసే గొర్రుకు పైన అమర్చే గిన్నె అది. ఒక్కొక్క రంధ్రం నుండి ఒక్కొక్క వెదురు గొట్టం గొర్రు పంటి దగ్గరకు దిగుతుంది. ఎద్దులు నడుస్తుండగా విత్తే మనిషి గుప్పిటి నుండి గింజలను గిన్నెలోకి విడుస్తూ పోతే, అవి పాయలుగా విడిపోయి సాళ్లలో పడతాయి. గిన్నె ఒక్కటే దొరికినప్పుడు అది చిక్కుప్రశ్న. గొట్టాలతో, గొర్రుతో, ఎద్దులతో, తొలకరి వానతో కలిపి చూచినప్పుడు అందులో చిక్కేమీ లేదు.

పాత ఇనుము కుప్పలో కనిపించే చిన్న కడియం వంటి వలయం సంగతి కూడా ఇంతే. చేతికి అది ఆభరణం కాదు, బండికి అది పట్టా కాదు. రోకలి అడుగున కట్టె చీలకుండా బిగించే పొన్ను అది. రోకలి పిండి అయి రాలిపోయినా పొన్ను మిగులుతుంది. ఒకవైపు అంచు అరిగి నునుపుదేలి ఉంటే, దాని వెనుక ఎందరు స్త్రీలు ఎన్ని తెల్లవారుజాములు వడ్లు దంచారో ఊహించవచ్చు.

కొండల వైపు వెళితే, ఇనుప మొన తొడిగిన కర్ర ఎదురవుతుంది. ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ పాపికొండల ప్రాంతంలో కొండరెడ్ల మధ్య నివసించి, వారి జీవితాన్ని గురించి 1945లో గ్రంథం ప్రకటించాడు. చెట్లు నరికి, కాల్చి, ఆ బూడిద నేలలో విత్తే పోడు పద్ధతికి నాగలి అక్కరలేదు, తవ్వుకోల చాలు. కర్ర పుచ్చిపోయి మొన ఒక్కటే మట్టిలో దొరికిన నాడు, తెలియనివారు దానిని ఈటె మొనగా భావించే ప్రమాదం ఉన్నది. అప్పుడు దుంపలు తవ్వి, గింజలు నాటి కడుపు నింపుకొన్న సాధుజనులు కాగితం మీద యుద్ధవీరులై కూర్చుంటారు. పనిముట్టును తప్పుగా పోల్చడం అంటే మనుషులను తప్పుగా పోల్చడమే.

ఇటువంటి పొరపాట్లు లోకంలో ఎంతో పెద్దయెత్తున జరిగాయి. ఐరోపాలో పొలం దున్నేటప్పుడు దొరికిన రాతి గొడ్డళ్లను పిడుగుతో పాటు ఆకాశం నుండి రాలిన రాళ్లని శతాబ్దాల పాటు నమ్మారు. ఇనుము ఎరుగని కాలపు మనుషులు చేసుకొన్న ఆయుధాలే అవి అని 16వ శతాబ్దంలో ఇటలీకి చెందిన మిఖేలే మెర్కాటి వాదించాడు. ఆయన 1593లో మరణించగా, ఆ రచన 1717లో గాని అచ్చుకాలేదు. 1723లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఆంత్వాన్ ద జుస్యూ ఈ రాళ్లను, అమెరికా ఖండపు ఆదిమవాసులు వాడుతున్న రాతి పనిముట్లతో పోల్చి చూపాడు. శతాబ్దాల చిక్కును విప్పినది పండితుల ఊహ కాదు. ఎక్కడో ఒకచోట అటువంటి వస్తువును ఇంకా వాడుతున్న చేయి.

గోదావరి అడవులే ఇందుకు మరొక సాక్ష్యం. పినపాక మండలంలోని జానంపేట వద్ద పెద్ద బండలతో కట్టిన ప్రాచీన సమాధులు ఉన్నాయి. మనుషులు ఎత్తలేనంత బండలు కావడం చేత జనం వాటిని రాకాసి గుళ్లు అన్నారు. భద్రాచలానికి ఎగువన గోదావరి తీరపు అడవులలో, కాటాపురం, మల్లూరు ప్రాంతాలలో ఇటువంటి సమాధుల చెంత శిలువను పోలిన రాతి విగ్రహాలు ఉన్నాయని ముల్హెరాన్ అనే అధికారి 1868లో లోకానికి తెలియజేశాడు. 1872లో ప్రాచీన శిలా నిర్మాణాల మీద గ్రంథం వ్రాసిన జేమ్స్ ఫెర్గూసన్ అవి క్రైస్తవ చిహ్నాలని భావించాడు. తరువాతి పరిశోధకులు వాటిని బృహత్ శిలాయుగపు సమాధులకు సంబంధించిన మానవాకృతులుగా గుర్తించారు. కొన్నింటి మీద స్త్రీ రూపపు గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. అడవిలోని సామాన్యుడు రాక్షసులను చూచాడు. లండన్ నగరపు పండితుడు శిలువను చూచాడు. ఇద్దరూ తాము అప్పటికే ఎరిగినదానినే ఎదుటి వస్తువులో చూచారు. తెలియని వస్తువు ముందు నిలిచిన ప్రతివారికీ ఇది హెచ్చరిక.

మరి వస్తువును పోల్చవలసినది ఎట్లు? మొదట అరుగుదలను చూడాలి. చేయి పట్టిన చోట కట్టె నునుపుదేలుతుంది. పని జరిగిన చోట ఇనుము తరుగుతుంది. తరువాత అది ఎక్కడ, వేటితో కలిసి దొరికినదో చూడాలి. దొరికిన చోటు నుండి తెచ్చి, ఆ చోటును మరచిన వస్తువు సగం విలువను కోల్పోతుంది. 1863 మే 30న మద్రాసు సమీపంలోని పల్లావరంలో రాతి గొడ్డలిని గుర్తించిన రాబర్ట్ బ్రూస్ ఫూట్ దక్షిణ భారతమంతటా పనిముట్లను సేకరించాడు. ఆ సేకరణకు వెలువడిన పట్టికలో వస్తువులు దొరికిన స్థలాల వివరం ఉండడమే దాని బలం. చివరగా, అన్నింటికంటె ముఖ్యంగా, వాడినవారిని అడగాలి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో నూలు వడికే స్త్రీలు పత్తిని దువ్వడానికి వాలుగ చేప దవడ ఎముకను వాడతారు. ఆ ఎముక ఒక్కటే ఎవరికైనా దొరికితే భోజనం చేసి పారవేసిన శేషం అనుకొంటారే గాని, సన్నని ఖద్దరుకు మూలం అది అని ఎంత పరిశీలించినా ఊహించలేరు. ఆ రహస్యం ఎముకలో లేదు. ఆ స్త్రీల వ్రేళ్లలో, మాటలో ఉన్నది.

మాట అనగానే ఒక మహత్తర కృషిని స్మరించవలసి ఉన్నది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి మాండలిక వృత్తి పదకోశాన్ని వెలువరించింది. 1962లో వ్యవసాయ పదాల సంపుటం, 1971లో చేనేత పదాల సంపుటం వచ్చాయి. గ్రంథాలలోని పదాలను గాక, రైతుల నోట, నేతకారుల నోట ఉన్న పదాలను ప్రాంతాలవారీగా సేకరించిన కృషి అది. ఒకే వస్తువుకు ఒక్కొక్క జిల్లాలో ఒక్కొక్క పేరు ఉండడం అందులో చూడవచ్చు. కావ్యభాషను కాపాడుకొన్నంత శ్రద్ధతో కర్రును, మేడిని, జడ్డిగాన్ని కూడా కాపాడుకొనవలెనని ఆ పదకోశం నేర్పింది. తెలుగువారు ఈనాటికీ భరించరాని బాధ్యతను గుదిబండ అంటారు. తప్పించుకొని పరుగెత్తే పశువు మెడకు కట్టే మొద్దు అది అని తెలిసి అనేవారు ఎందరు? వస్తువు పోయినా మాట మిగిలినది. మాట వెనుక బొమ్మ చెరిగిపోయినది.

పాత పనిముట్ల మీద ఇంత మమకారం ఎందుకని కొందరు ప్రశ్నిస్తారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. రోకలిపోటు స్త్రీల నడుము విరిచినది. సింగరేణి గనులలో తట్టా చెమ్మాస్ పట్టి బొగ్గు నింపిన కార్మికుల బ్రతుకు కష్టాల కొలిమి. ఆ పనిముట్లు మూలపడడం దుఃఖించవలసిన విషయం కాదు. అయితే వాటిని తిరిగి వాడుమనడం వేరు, వాటిని ఎరిగి ఉండుమనడం వేరు. శ్రమను మరువనివారికే శ్రమ తగ్గిన విలువ తెలుస్తుంది. గని దీపాన్నే చూడవచ్చు. మంట చుట్టూ సన్నని తీగవల అల్లిన దీపం వెలుతురుకోసమే అయితే ఆ వల అడ్డమే అవుతుంది. 1815లో హంఫ్రీ డేవీ ఆ వలను అమర్చినది లోపలి మంట బయటి వాయువుకు అంటుకొనకుండా ఉండడానికి. గనిలో మండే వాయువు చేరితే మంట మీద నీలి కాంతి కనిపించి ప్రమాదాన్ని తెలిపేది. అలంకారంగా బల్లమీద పెట్టుకొన్నవారికి అది పాత దీపం. గనిలో దిగినవారికి అది ప్రాణానికి కాపలా. ఈ తేడా చెప్పగలవారు నేడు వృద్ధులైనారు.

కాలం ఎక్కువ లేదనడానికి మరొక కారణం ఉన్నది. పోలవరం జలాశయం ముంపును దృష్టిలో ఉంచుకొని 2014లో భద్రాచలం పరిసరాలలోని చింతూరు, కూనవరం, వేలేరుపాడు, కుక్కునూరు మొదలైన మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో చేర్చారు. ముంపు గ్రామాల ప్రజలు పునరావాస కాలనీలకు తరలవలసి వచ్చినది. ఇల్లు మారేవాడు మంచాన్ని, పెట్టెను తీసుకొనిపోతాడు. పొలమే లేని చోటికి గొర్రును మోసుకొనిపోడు. అడవి లేని చోట తవ్వుకోలకు పని లేదు. అట్లా విడిచిన వస్తువులలో ఇనుము పాత సామాను వ్యాపారి తక్కెడలో కిలోల లెక్కన తూగుతుంది. కట్టె పొయ్యిలోకి పోతుంది. ఊరు నీట మునగడం అందరికీ కనిపిస్తుంది. ఊరి మాట మునగడం ఎవరికీ కనిపించదు.

చేయవలసిన పని పెద్దది కాదు. భద్రాచలంలో గిరిజన సంగ్రహాలయం ఉన్నది. అక్కడ గాని, ఏ కళాశాల గదిలో గాని ఒక వస్తువును నిలిపినప్పుడు దాని క్రింద ‘ప్రాచీన గిరిజన పనిముట్టు’ అని వ్రాసి సరిపెట్టుకొనరాదు. కోయభాషలో దాని పేరు, తెలుగులో దాని పేరు, దొరికిన ఊరు, ఏ ఋతువులో ఎవరు ఎట్లా వాడేవారో ఆ వివరం ఉండాలి. వాడిన మనిషి చేతిలో ఆ వస్తువును పెట్టి, ఆ కదలికను చిత్రీకరించి ఉంచితే మరీ మంచిది. విద్యార్థులు సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు తాతను, అమ్మమ్మను కూర్చోబెట్టి ఇంటిలోని పాత వస్తువులలో పదింటి పేర్లు వ్రాసుకొన్నా అది చిన్న సేవ కాదు.

ఎంత అడిగినా తెలియనివి కొన్ని ఉంటాయి. అప్పుడు తెలియదని వ్రాయడమే పాండిత్యం. పన్నెండు ముఖాలు, ప్రతి ముఖాన ఒక రంధ్రం, మూలలకు గుండ్లు ఉన్న రోమన్ల కాలపు కంచు వస్తువులు ఐరోపాలో వందకు పైగా దొరికాయి. మొదటిది 1739లో నమోదైనది. అవి దేనికోసమో నేటికీ తేలలేదు. వాడినవారు ఒక్క మాటైనా వ్రాసి ఉంచలేదు. అడగడానికి వారు నేడు లేరు. ఆ దేశపు పండితులకు మిగిలినవి ఊహలు మాత్రమే.

గోదావరి తీరపు పల్లెలకు ఇంకా ఆ దుస్థితి రాలేదు. జడ్డిగాన్ని చూచి నవ్వుతూ పేరు చెప్పే ముసలి రైతు ఇంకా అరుగు మీద కూర్చొని ఉన్నాడు. పొన్ను ఊడితే ఎట్లా బిగించాలో చెప్పే అవ్వ ఇంకా వాకిట ఉన్నది. వారి వద్దకు వెళ్లి ‘ఇది ఏమిటి?’ అని అడగడానికి ఖర్చు లేదు, పరికరాలు అక్కరలేదు. అడిగేవారు కావాలి. వారు ఉన్నంతలోనే అడగాలి.