అనంతపురపు మైదానమునుండి

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షులకు

ఆర్యా,

సాలుకు 550 మిల్లీమీటర్ల వానయైనను నిశ్చయమని చెప్పజాలని, వేరుసెనగ చేలనే నమ్ముకొని బ్రదుకు మా అనంతపురమందు, 1969లో విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు తన క్రీడాగ్రామమున పల్లె బాలబాలికలకు వసతి, చదువు, ఫుట్‌బాల్ శిక్షణ సమకూర్చుచున్నది. చురుకైన పాదములు గల పిల్లవాడు ప్రతి యూరను దొరకును. వాని తిండి, మోకాళ్లు, పరీక్షలు, ధైర్యము ఏండ్ల తరబడి కనిపెట్టి యుండువారే దుర్లభులు. పిమ్మట వాడు ఏ కలకత్తా క్లబ్బుననో చేరినచో పత్రికలలో క్లబ్బు పేరే మిగులును. (అందుకు మాకు ఈర్ష్య లేదు, కొంచెము ఉన్నదేమో.)

అంతర్జాతీయ బదిలీలయందు, ఆటగానిని 12వ యేటినుండి 23వ యేటివరకు తీర్చిదిద్దిన క్లబ్బులకు బదిలీ సొమ్ములో నూటికి 5 వంతులు పంచవలెనని ఫిఫా నియమము. ఆ వంతు నమోదును బట్టియే చేరును. కావున, పండ్రెండేండ్లు నిండిన పల్లె పిల్లలను సైతము మీ నమోదులో చేర్చి, ఎవరెన్నేండ్లు శిక్షణ నిచ్చిరో వ్రాయించి, దేశములోపలి బదిలీలయందును పల్లె శిక్షణాలయములకు న్యాయమైన వంతు దక్కునట్లు శాసింపుడు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సున నాలుగవ స్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణమును గడించిన జట్లకు శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాదు బడిపంతులే యన్న సంగతి తమకు విదితమే. అట్టి గురువుల శ్రమ మరుగున పడకుండుటకై, వచ్చు నమోదుకాలము తెరచుకొనులోపలనే ఈ యుత్తరువు వెలువడవలెనని ప్రార్థన.

ఇట్లు,
అనంతపుర క్రీడాభిమాని